పరలోకానికి రాని సర్టిఫికెట్లు

జీవితం అల్పం కాబట్టి చదువూ అల్పమే అన్న వాదం తెలుగు క్రైస్తవ యువజన కూటాల్లో బాగా పాతుకుపోయింది. దసరా సెలవుల్లోనో వేసవిలోనో జరిగే రిట్రీట్లలో చివరి రాత్రి ప్రసంగం చాలాచోట్ల ఒకే దారిలో నడుస్తుంది. ఈమధ్య బైకు ప్రమాదంలో పోయిన ఒక ఇంజినీరింగ్ కుర్రవాడి కబురుతో మొదలవుతుంది. యాకోబు పత్రిక నాలుగో అధ్యాయం తెరుచుకుంటుంది. మనిషి బతుకును కాసేపు కనబడి మాయమయ్యే ఆవిరితో పోల్చింది అక్కడే. ఆ వెంటనే సర్టిఫికెట్లు, ర్యాంకులు, ప్యాకేజీలు పరలోకానికి రావని, మిగిలేది సేవ ఒక్కటేనని తీర్పు వస్తుంది. కీబోర్డు మెల్లగా మోగుతుండగా చేతులు లేస్తాయి. వాటిలో కొన్ని నిజమైన మారుమనస్సుకు గుర్తులే, వాటిని శంకించనక్కర్లేదు. శంకించాల్సింది బతుకు ఆవిరి అన్న మాట నుంచి పుస్తకం వ్యర్థం అన్న మాటకు వేసిన గంతును.

ఈ వాదానికి బలం లేకపోలేదు. సంఘ కాపరి ఏటా కొన్ని సమాధి కార్యక్రమాలు జరిపిస్తాడు. ఇరవై ఏళ్ల పిల్లవాడి పెట్టె ముందు నిలబడి వాక్యం చెప్పినవాడికి సెమిస్టరు మార్కులు చిన్నవిగా కనబడటంలో వింత లేదు. పైగా చదువునే దేవుణ్ని చేసుకున్న ఇళ్లు క్రైస్తవుల్లోనూ తక్కువేం కావు. ఫిబ్రవరి, మార్చి వచ్చిందంటే హాల్‌టికెట్లు, పెన్నులు బల్ల మీద పెట్టి ప్రార్థన చేయించే సంఘాలున్నాయి. పరీక్షలు అయిపోయాక ఆ పిల్లలు ఏం చదివారో, ఎందుకోసం చదివారో అడిగే నాథుడు ఉండడు. ర్యాంకు కోసం దేవుణ్ని వాడుకునే ఈ అలవాటు మీద ప్రసంగీకుడికి కోపం రావడం సబబే. వాదం మాత్రం సబబు కాదు.

అందులోని అసలు లోపం లెక్కలో ఉంది. అది ఒకే ఒక్క ప్రాణాన్ని లెక్కపెడుతుంది: వింటున్న విద్యార్థి ప్రాణం. రేపు నువ్వుంటావా, నీ ఆత్మ ఎటు పోతుంది, నీకు దొరికే కిరీటం ఏమిటి అన్న ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది. పొరుగువాడి ప్రాణం కూడా అంతే అల్పమన్న సంగతి ఆ లెక్కలోకి రాదు. కాన్పు అడ్డం తిరిగిన తల్లిది, తాగేనీరు చెడిపోయిన ఊరిది, కట్టిన రెండేళ్లకే పెచ్చులూడే బడిలో కూర్చున్న పిల్లలది కూడా ఆవిరి వంటి బతుకే. దాన్ని కాపాడే పనుల్లో చాలావాటికి ఏళ్ల తరబడి చదువు కావాలి. జీవితం క్షణభంగురం అన్నది నిజమైతే పుస్తకం మూసేయడానికి కాక గట్టిగా పట్టుకోవడానికే అది కారణమవుతుంది.

ముందుగా వేదిక మీద చదివే వాక్యభాగాలనే చూడాలి. యాకోబు ఆ మాటలు రాసింది వ్యాపారస్తులను ఉద్దేశించి. ఫలానా ఊరికి వెళ్తాం, ఏడాది ఉంటాం, లాభం గడిస్తాం అని దేవుడి ఊసే లేకుండా లెక్కలు వేసుకునేవాళ్లను ఆయన మందలించాడు. వ్యాపారం మానేయమని ఎక్కడా అనలేదు. ప్రభువు చిత్తమైతే బతికి ఆ పనులు చేస్తామని అనుకోమన్నాడు. పని అలాగే ఉంది, పోయింది పొగరు. అదే అధ్యాయం చివరి వచనం, చేయదగిన మేలు తెలిసీ చేయకపోవడాన్ని పాపాల పద్దులో వేస్తుంది. ఆవిరి వచనానికీ దీనికీ మధ్య దూరం మూడే వచనాలు. ప్రసంగాలు అంతదాకా రావు.

మోషే ప్రార్థనగా పేరున్న తొంభయ్యో కీర్తనకూ ఇదే గతి పట్టింది. మనిషి ఆయుష్షు 70 ఏళ్లని, బలముంటే 80 అని లెక్కగట్టి, దినాలు లెక్కించే జ్ఞానం ఇమ్మని అడిగే కీర్తన అది. డిసెంబరు 31 రాత్రి ఆరాధనల్లో తరచుగా వినబడుతుంది. ఆ కీర్తన ఎక్కడ ముగుస్తుందో ఎక్కువమందికి గుర్తుండదు. తమ చేతి పనిని స్థిరపరచమన్న మనవితో ముగుస్తుంది, అదీ రెండుసార్లు అడిగి మరీ. దినాలు కొద్ది అని తెలిసినవాడు చేతి పనిని వదిలించమని అడగలేదు, నిలబెట్టమన్నాడు. ఇక ప్రసంగి గ్రంథం. మరణం గురించి బైబిల్లో అంత కటువుగా మాట్లాడిన పుస్తకం అరుదు. పాతాళంలో పనీ, ఆలోచనా, తెలివీ ఉండవు గనుక చేతికి వచ్చిన పనిని శక్తి కొద్దీ ఇప్పుడే చేయాలని తొమ్మిదో అధ్యాయంలో తేల్చింది. కూటాల్లో తేల్చే సంగతికి ఇది సరిగ్గా తలకిందులు. చనిపోతావు కాబట్టి నేర్చుకోవడం దండగ అని అక్కడ లేదు. చనిపోయాక నేర్చుకోలేవు కాబట్టి ఇప్పుడు నేర్చుకో అని ఉంది.

లోకాంతం దగ్గరపడిందని పని మానేసినవాళ్లు తొలి సంఘంలోనే ఉన్నారు. థెస్సలొనీక సంఘంలో ప్రభువు రాకడ గురించి కలకలం రేగింది, అదే సంఘంలో కొందరు పనీపాటా లేక తిరిగారు. పౌలు వాళ్ల భక్తిని మెచ్చుకోలేదు. నెమ్మదిగా ఎవరి పని వాళ్లు చేసుకుని సొంత తిండి తినమని రాశాడు.

విద్యార్థుల గురించే కావాలంటే దానియేలు గ్రంథం మొదటి అధ్యాయాన్ని మించింది లేదు. యెరూషలేము నుంచి చెరపట్టుకుపోయిన కుర్రవాళ్లకు బబులోను రాజు మూడేళ్ల చదువు ఏర్పాటు చేశాడు. పాఠ్యాంశం కల్దీయుల భాష, విద్య. అంటే తమ ఊరిని కొల్లగొట్టినవాళ్ల భాష, వాళ్ల దేవుళ్ల కథలు నిండిన సాహిత్యం. లోకసంబంధమైన చదువు అన్న పేరు దేనికైనా తగిలించాలంటే ముందు దీనికే తగిలించాలి. దానియేలూ అతని ముగ్గురు స్నేహితులూ వద్దన్నది రాజు భోజనాన్ని. సిలబస్‌ను వద్దనలేదు. ఆ విద్యలో వాళ్లకు ప్రవీణతను ఇచ్చింది దేవుడేనని గ్రంథకర్త స్పష్టంగా రాశాడు. పరీక్ష జరిగిన రోజు రాజు వాళ్లను తన ఆస్థానంలోని శకునగాళ్లందరి కంటే పది రెట్లు మేలని తేల్చాడు. యువజన కూటాల్లో సింహాల బోను గురించి వందసార్లు చెబుతారు. ఆ బోను దాకా చేరడానికి ముందు దానియేలు మూడేళ్లు పరాయి లిపి దిద్దాడన్న సంగతి మాత్రం ఎందుకో జారిపోతుంది.

పౌలు చివరి ఉత్తరంగా సంఘం ఎంచే తిమోతి రెండో పత్రికలో ఒక చిన్న పురమాయింపు ఉంది. తన మరణం దగ్గరపడిందని అదే అధ్యాయంలో రాసుకున్న మనిషి, త్రోయలో కార్పు దగ్గర వదిలిన అంగీ తెమ్మన్నాడు, పుస్తకాలూ తెమ్మన్నాడు, తోలు ప్రతులు మరీ ముఖ్యమన్నాడు. ఆ ప్రతుల్లో ఏముందో వ్యాఖ్యాతలు తర్జనభర్జన పడుతూనే ఉన్నారు. ఇక్కడ చెప్పదలచిన సంగతికి అది అవసరం లేదు. శిక్ష కోసం ఎదురుచూస్తున్న ఖైదీకి చదువుకోడానికి వేళ మించిపోలేదన్నదే చాలు.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ ప్రశ్న అతి గట్టిగా ఎదురైన చోటు ఆక్స్‌ఫర్డ్. 1939 సెప్టెంబరు 3న బ్రిటన్ యుద్ధంలోకి దిగింది. అక్టోబరు 22 ఆదివారం విశ్వవిద్యాలయ చర్చి అయిన సెయింట్ మేరీలో, అక్కడి సాహిత్య అధ్యాపకుడు సి.ఎస్. లూయిస్ విద్యార్థులకు ప్రసంగించాడు. ఎదురుగా కూర్చున్న కుర్రవాళ్లకు ఏ నెలలో సైన్యం నుంచి పిలుపు వస్తుందో తెలియదు. లూయిస్ ఆ దారి తొక్కినవాడే. 1917లో ఆక్స్‌ఫర్డ్‌లో చేరి, అదే ఏడాది తన 19వ పుట్టినరోజు నాటికి ఫ్రాన్స్ కందకాలకు చేరి, 1918 ఏప్రిల్‌లో గాయపడి బయటపడ్డాడు. యూరప్ తగలబడుతుంటే పాత కావ్యాలు, తర్కశాస్త్రం ఎందుకు అన్న ప్రశ్నను ఆయన దాటవేయలేదు. యుద్ధం కొత్త పరిస్థితేమీ తేలేదని, మనిషి ఎప్పుడూ అగాధం అంచునే బతుకుతున్నాడని, యుద్ధం దాన్ని కంటికి కనబడేలా చేసిందంతేనని ఆయన వాదన. చావు నూటికి నూరు మందికీ తప్పదు, ఆ శాతాన్ని యుద్ధం పెంచలేదు. నిశ్చింత దొరికాకే విద్య అనుకుని ఉంటే మానవజాతి ఒక్క అక్షరమూ నేర్చుకుని ఉండేది కాదు. నరకం ఉందని నమ్మే క్రైస్తవుడికి యుద్ధం కన్నా పెద్ద అత్యవసరం ప్రతిరోజూ ఉంది గదా, మరి శాంతికాలంలో మాత్రం చదువు ఎలా తగును అన్న ఎదురు ప్రశ్న కూడా ఆయనే వేసుకున్నాడు. భక్తుడైనా కాకపోయినా మనిషి ఏదో ఒకటి చదువుతూనే ఉంటాడు, మంచి పుస్తకం మూయిస్తే చెత్త పుస్తకం తెరుస్తాడు అన్నది ఆయన జవాబులో ఒక భాగం. హాస్టల్ గదిలో రీల్స్ చూస్తూ అర్ధరాత్రి దాటించే విద్యార్థిని ఎరిగినవాళ్లకు ఈ జవాబు మీద వ్యాఖ్యానం అక్కర్లేదు.

అయితే లూయిస్ వాదం కూడా ప్రధానంగా చదివేవాడి వైపు నుంచే సాగింది. పొరుగువాడి వైపు నుంచి చూస్తే విషయం ఇంకా సూటిగా తేలుతుంది. నర్సింగ్ విద్యార్థిని నేర్చుకునే తొలి లెక్కల్లో సెలైన్ చుక్కల లెక్క ఒకటి. మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే సెట్టుతో లీటరు సెలైన్‌ను 8 గంటల్లో ఎక్కించాలంటే నిమిషానికి దాదాపు 42 చుక్కలు పడాలి. గడియారం ముల్లు మీద ఒక కన్ను, చుక్కలు పడే గొట్టం మీద ఒక కన్ను పెట్టి, చక్రాన్ని వెంట్రుకవాసి తిప్పుతూ ఆ వేగం కుదర్చాలి. చిన్నపిల్లకో, గుండె బలహీనమైన ముసలాయనకో అదే వేగం ఎక్కువై ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. క్లాసులో ఆ లెక్క వినకుండా పరలోకం గురించి ఆలోచిస్తూ కూర్చున్న విద్యార్థిని ఆత్మీయురాలు అనిపించుకోవచ్చు. రెండేళ్ల తర్వాత ఆమె చేతిలో పడే రోగికి ఆ ఆత్మీయత వల్ల ఒరిగేదేమీ లేదు.

ఈ సంగతిని తన బతుకుతో నిరూపించిన మనిషి వేలూరులో ఉండేది. ఐడా స్కడర్ 1870లో మిషనరీ వైద్యుల కుటుంబంలో పుట్టింది. అమెరికాలో చదువుకుని, మిషనరీ బతుకు తనకొద్దని గట్టిగా అనుకున్నది. తల్లికి జబ్బు చేస్తే చూసుకోవడానికి తిండివనం వచ్చింది. అక్కడ ఒక రాత్రి ముగ్గురు మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు: ఒక బ్రాహ్మణుడు, ఒక ముస్లిం, మరో హిందువు. ముగ్గురి భార్యలూ పురిటి నొప్పులతో అల్లాడుతున్నారు. తన తండ్రి వైద్యుడని, ఆయన్ను పిలుస్తానని ఆమె చెబితే, పరాయి మగవాడు తమ ఆడవాళ్లను తాకడానికి వీల్లేదని ముగ్గురూ తిరిగి వెళ్లిపోయారు. ఐడా చేయగలిగింది ఏమీ లేకపోయింది. ఆమెకు ప్రార్థన వచ్చు, వాక్యం వచ్చు, వైద్యం రాదు. తెల్లవారేసరికి ఆ ముగ్గురు భార్యలూ చనిపోయారు.

జీవితం ఆవిరి అన్న పాఠం ఇంతకన్నా కటువుగా ఏ ఇరవై ఏళ్ల మనిషికీ అంది ఉండదు. యువజన కూటాల తర్కం ప్రకారం ఆ తెల్లవారే ఆమె ఊళ్లు తిరిగి సువార్త ప్రకటించడం మొదలెట్టాలి. ఆమె అమెరికా వెళ్లి వైద్య కళాశాలలో చేరింది. శరీరశాస్త్రం, మందుల శాస్త్రం, శస్త్రచికిత్స చదువుతూ ఏళ్లు గడిపింది. ఆ ఏళ్లలో తిండివనం చుట్టుపక్కల ఇంకా ఎందరు తల్లులు పోయారో ఎవరూ లెక్కించలేదు. 1899లో కార్నెల్‌లో పట్టా పుచ్చుకుని, 1900లో తిరిగివచ్చి వేలూరులో వైద్యం మొదలుపెట్టింది. 1909లో నర్సింగ్ స్కూలు, 1918లో ఆడవాళ్ల కోసం వైద్య పాఠశాల పెట్టింది. నేటి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సి.ఎం.సి.) దాని నుంచి పెరిగిందే. చిత్తూరు జిల్లా నుంచి బస్సెక్కి వేలూరు వెళ్లే తెలుగు కుటుంబాలు ఆ మూడు మరణాల తర్వాత ఒక యువతి చదువుకోవాలనుకున్నందుకు రుణపడి ఉన్నాయి. ఆమె పిలుపును మెచ్చుకునే ప్రసంగాల్లో ఆ రాత్రి ఉంటుంది, వేలూరు ఉంటుంది. మధ్యలో క్లాసుల్లో, లేబరేటరీల్లో గడిచిన కాలం ఒక్క వాక్యంలో ముగుస్తుంది. పిలుపుకు ఆమె ఇచ్చిన మొదటి జవాబు ఆ కాలమే.

సంఘం పెద్దలకు ఈ సంగతి మొదటి నుంచీ మింగుడుపడలేదనడానికి గుంటూరే సాక్ష్యం. లూథరన్ మిషన్ తరఫున 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్‌ను పంపినవాళ్లు మొదట వైద్యురాలిగా నియమించలేదు. ఆడవాళ్లు పరదా చాటున ఉండే జెనానా ఇళ్లలో, బడుల్లో బోధించడం ఆమె పని. వైద్యం చేసేందుకు అధికారికంగా ఒప్పుకోవడానికి వాళ్లకు రెండేళ్లకు పైగా పట్టింది. ఆసుపత్రి తెరుచుకున్నది 1898లో. ఆత్మలను రక్షించడమే అసలు పని, శరీరాన్ని చూసుకోవడం కొసరు అనే తూకం ఆనాటిది. ఈనాటి రిట్రీట్లలో వినబడేదీ అదే తూకం.

ఒంగోలు ప్రాంతం సాక్ష్యం ఇంకా విచిత్రమైనది. ఆత్మల సంపాదనకు ఉదాహరణగా 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతిని తెలుగు ప్రసంగీకులు గర్వంగా చెబుతారు. దానికి ముందు జరిగింది అరుదుగా చెబుతారు. 1876–78 కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేల మందికి కూలి చూపించాడు. ఆయన కుర్రతనంలో అమెరికాలో సర్వే పని నేర్చి చేసినవాడు. గొలుసు పట్టి నేల కొలవడం, మట్టం చూడడం తెలిసిన మనిషి గనుకనే ఆ కాంట్రాక్టు చేయగలిగాడు. పైగా కూలి కోసం మతం మారారన్న మాట రాకూడదని, సహాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. సర్వే నేర్చుకునే రోజుల్లో ఆ కుర్రవాడికి ఒంగోలు పేరు కూడా తెలిసి ఉండదు. చదువు దేనికి పనికొస్తుందో చదివే రోజునే తేలాలని పట్టుబట్టడం ఎంత తొందరపాటో ఈ ఒక్క కాలువ చూపిస్తుంది.

వైద్యం, ఇంజినీరింగ్ సరే, బి.కాం. చదివేవాడి సంగతేమిటి, తెలుగు ఎం.ఏ. చేసే అమ్మాయి సంగతేమిటి అన్న ప్రశ్న న్యాయమైనదే. ప్రతి సబ్జెక్టూ ప్రాణం కాపాడదు. కానీ పొదుపు సంఘం పద్దులు సరిగ్గా రాయడం తెలిసినవాడు ఊళ్లో పదిమంది ఆడవాళ్ల కష్టార్జితాన్ని కాపాడతాడు. చరిత్ర సరిగ్గా చదివినవాడు ఒక కులం మీదో మతం మీదో పుట్టించిన అబద్ధాన్ని అబద్ధమని చెప్పగలడు. ఇంతకు మించి ప్రతి క్లాసుకూ ఒక పరమార్థం వెతికి అతికించనక్కర్లేదు.

ఇక చదువు అల్పమన్న ఆ వాదానికి ఒక కవల ఉంది. అది కూటంలో కాదు, ఇంట్లో వినబడుతుంది. ముందు సెటిలవ్వాలి, సేవా దేవుడూ తర్వాత అన్న మాట. పైకి చూస్తే రెండూ బద్ధ శత్రువులు. ఒకటి చదువు వద్దంటుంది, రెండోది చదువొక్కటే చాలంటుంది. లోపల లెక్క మాత్రం ఒకటే: విద్యార్థి దశకు సొంత విలువ లేదు, అది దాటిపోవాల్సిన ఇరుకు, అసలు బతుకు అవతల ఉంది. ఆ లెక్కలోనూ ఉన్నది ఒక్క ప్రాణమే, తనది. లూకా సువార్త పన్నెండో అధ్యాయంలోని ధనవంతుడు కొట్లు పడగొట్టి పెద్దవి కట్టించుకుని తర్వాత సుఖపడదామనుకున్నాడు, ఆ రాత్రే పోయాడు. ఎంట్రెన్స్, తర్వాత క్యాంపస్, తర్వాత అమెరికా, తర్వాత ఇల్లు అని కొట్ల వరస పెంచుకుంటూ పోయే ఇంటికి ఆ కథ తమదేనని తట్టదు. సెటిలవడానికి గడువంటూ లేదు గనుక తర్వాత అన్నది వచ్చేది కాదు.

ఈ కవల వాదం ప్రాణాలు తీస్తోంది కూడా. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13 వేలకు పైగా ఉన్నారు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు మార్కుల నమోదులో తప్పులు బయటపడ్డాయి, పునఃపరిశీలనలో వెయ్యికి పైగా విద్యార్థులు ఉత్తీర్ణులని తేలింది. ఈలోపే ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఇటువంటి మరణాలకు కారణం ఒక్కటే ఉండదు, వాటిని పాఠంగా వాడుకోవడమూ తగదు. కానీ మార్కుల జాబితానే మనిషి విలువగా చూపించే ఇంటికి, అది వట్టి కాగితమని చెప్పే కూటానికి మధ్య నలిగే పదిహేడేళ్ల పిల్లకు రెండు చోట్లా దొరకనిది ఒకటుంది: ఆమె ఈ పూట చేస్తున్న పనికి, అది సరిగ్గా సాగినా సాగకపోయినా, గౌరవం. ఫెయిలైన సబ్జెక్టు మళ్లీ రాయడం కూడా దేవుడి ఎదుట చేసే పనేనని ఆమెకు ఎవరూ చెప్పరు. అలాంటి పిల్లకు కావాల్సింది ప్రసంగం కాదు, పక్కన కూర్చుని వినే మనిషి, అవసరమైతే డాక్టరు.

తర్వాత అన్న మాటను పట్టించుకోని విద్యార్థులకు మ్యూనిక్ విశ్వవిద్యాలయం ఒక ఉదాహరణ. 1942–43లో నాజీ పాలనను ఎదిరిస్తూ ఆరు కరపత్రాలు అచ్చువేసిన వైట్ రోజ్ బృందంలో ఎక్కువమంది వైద్య విద్యార్థులు. హాన్స్, సోఫీ షోల్‌లు లూథరన్ ఇంటి పిల్లలు, విల్లీ గ్రాఫ్ క్యాథలిక్, అలెగ్జాండర్ ష్మోరెల్ ఆర్థొడాక్స్. రెండో కరపత్రంలోనే పోలండ్‌లో మూడు లక్షల మంది యూదులను చంపిన సంగతి రాశారు. 1943 ఫిబ్రవరి 18న హాన్స్, సోఫీ పట్టుబడ్డారు. నాలుగు రోజులకే, 22న, వాళ్లతోపాటు క్రిస్టోఫ్ ప్రోబ్‌స్ట్‌ను కూడా శిరచ్ఛేదం చేశారు. సోఫీ వయసు 21. వాళ్లను వీరులుగా నిలబెట్టి చప్పట్లు కొట్టించడం సులువు. వాళ్లు అగస్టీన్‌ను చదువుతూ, క్లాసులకు వెళుతూ, రష్యా యుద్ధరంగంలో గాయాలకు కట్లు కడుతూ ఆ పని చేశారన్నది గమనించాల్సింది. ఒకరికి పొరుగువాడు ఆసుపత్రి మంచం మీద, మరొకరికి పోలండ్ గోతుల్లో కనబడ్డాడు. చదువు అడ్డొచ్చిందనీ, పట్టా వచ్చేదాకా ఆగాలనీ వాళ్లు అనుకోలేదు.

ప్రమాదంలో పోయిన కుర్రవాడి కబురుతో భయపెట్టి పిలుపునివ్వడం ఒక పద్ధతిగా స్థిరపడింది గనుక దాని గురించీ ఒక మాట చెప్పాలి. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయిన వార్త యేసు నోట వచ్చింది. వాళ్లు మిగతా యెరూషలేము వాళ్లకంటే పాపులా అని అడిగి, కాదని ఆయనే జవాబిచ్చాడు. వినేవాళ్లను మారుమనస్సుకు పిలిచాడు, నిజమే. చనిపోయినవాళ్ల మీద మాత్రం ఒక్క మాట పడనివ్వలేదు. నేటి వేదికల మీద పోయిన కుర్రవాడు కూటానికి రానివాడనో, ఫలానా ఆదివారం ఆరాధన మానేశాడనో చిన్న తోక తగిలిస్తారు. ఆ కుర్రవాడి తల్లి అదే సభలో మూడో వరసలో కూర్చుని ఉండవచ్చు.

చదువు వదిలేసి మంచి పని చేసినవాళ్లు లేరా అంటే ఉన్నారు. సాధు సుందర్ సింగ్ 1909లో లాహోర్‌లోని దైవశాస్త్ర కళాశాలలో చేరి ఎక్కువ కాలం ఉండలేదు. కాషాయం కట్టి టిబెట్ దారుల్లో నడవడమే తన పని అని ఆయనకు ముందే తెలుసు, చేరకముందే ఆ పనిలో ఉన్నాడు. తర్వాత ఉర్దూలో పుస్తకాలూ రాశాడు. వెళ్లే చోటు తెలిసి వెళ్లడం వేరు, ఉన్న చోటు నుంచి పారిపోవడం వేరు. సుందర్ సింగ్ పేరు చెప్పి మూడు బ్యాక్‌లాగ్‌లు ఉన్న కుర్రవాడిని బి.టెక్. మానిపించే పెద్దలు ఆ తేడాను చూడరు. అతను ఎక్కడికి వెళుతున్నాడో అడిగితే ఇద్దరి దగ్గరా జవాబుండదు.

చివరగా మిగిలేది చదువు మధ్యలోనే ప్రాణం పోతే అన్న ప్రశ్న. చదువు వ్యర్థమన్న వాదానికి అసలు బలం ఇక్కడే ఉంది, ఇక్కడే అది పూర్తిగా ఓడిపోతుంది. ఆస్తి వదులుకున్న భక్తుడిగా ప్రసంగాల్లో వినబడే విలియం బోర్డెన్ 1909లో యేల్, 1912లో ప్రిన్స్‌టన్ సెమినరీ ముగించి, చైనాలోని ముస్లింల మధ్య పనిచేయాలని అరబిక్ నేర్చుకోవడానికి కైరో వెళ్లాడు. 1913 ఏప్రిల్‌లో మెదడు పొరల వాపుతో (మెనింజైటిస్) 25 ఏళ్లకే చనిపోయాడు. చైనా చేరనే లేదు. చదువు వ్యర్థమని చెప్పడానికి వాడుకునే ఈ మనిషి చిన్నప్పటి నుంచీ చనిపోయేదాకా చేసింది ముఖ్యంగా చదవడమే. ఆ చదువు దండగైతే ఆయన బతుకంతా దండగ కావాలి; అలా అనే ధైర్యం ఏ ప్రసంగీకుడికీ లేదు.

తెలుగు నేల మీద దీనికి ఇంకా దగ్గరి సాక్ష్యం ఉంది. లండన్ మిషనరీలు జార్జి క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం వచ్చారు. తెలుగు అక్షరాలు దిద్దడంతో మొదలుపెట్టి, ఆనందరాయరు అనే తెలుగు బ్రాహ్మణ క్రైస్తవుడి సాయంతో సువార్తలను అనువదించసాగారు. క్రాన్ 1809లో పోయాడు, డెస్‌గ్రాంజెస్ మరుసటి ఏడే పోయాడు. ఇద్దరికీ ఈ దేశంలో దొరికింది అయిదేళ్లకు అటూఇటూ, అందులో పెద్ద వాటా భాష నేర్చుకోవడానికే సరిపోయింది. మత్తయి, మార్కు, లూకా సువార్తలు వాళ్లిద్దరూ పోయాక శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఎడ్వర్డ్ ప్రిచెట్ ఆ పనిని కొత్త నిబంధన మొత్తానికి తీసుకువెళ్లాడు, ఆ తర్వాతి తరాల అనువాదకులు దాన్ని సరిదిద్దారు, తిరగరాశారు.